ఎడమకాలి బ్రేకు

జనవరి 9
పంపుహౌసు క్వార్టర్లు

పెద్దక్కా,

క్షేమంగా చేరాం. క్వార్టరు బాగానే ఉంది. కిటికీ తెరిస్తే గొట్టాలు కనిపిస్తాయి, మూస్తే గొట్టాల చప్పుడు వినిపిస్తుంది. నీ మరదలు అప్పుడే గోడలకి మేకులు కొట్టేసింది కాబట్టి ఇంక ఇక్కడ పాతుకుపోయినట్టే. కొండ అడ్డం రావడంవల్ల ఫోను పలకదు. మీ పక్కింటి డ్రైవరు బస్సు రోజు విడిచి రోజు మా గేటు దాకా వస్తుంది. ఉత్తరాలు అతని చేతికే ఇచ్చుకుందాం.

భుజం ఎముక అతికింది. చలికి సలుపుతోంది, అంతే.

ఇక అసలు సంగతి. నీ వసారాలో పెట్టి వచ్చింది బండిని కాదు, నా ప్రాణాన్ని. నవ్వకు. అది బ్రిటిషు బండి, నాకంటే పన్నెండేళ్ళు పెద్దది, కాస్త మర్యాదగా చూడాలి. ఊడ్చేటప్పుడు జరపాల్సి వస్తే ఒకటి గుర్తుంచుకో. ఇప్పటి బళ్ళకీ దీనికీ అంతా తిరకాసు. దీనికి బ్రేకు ఎడమకాలి కింద ఉంటుంది, గేరు కుడికాలి కింద ఉంటుంది. గేరు పైకెత్తితే మొదటిది, మిగతా మూడూ కిందికి తొక్కాలి. మా పాత బళ్ళ సంఘంలో కొత్తగా చేరిన ఫొటోగ్రాఫరు బ్రేకనుకుని గేరు తొక్కి, టీకొట్టు బల్లని గుద్ది కూర్చున్నాడు. వాడికి ‘కుడికాలు’ అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు వాళ్ళావిడ కూడా అలాగే పిలుస్తోందట.

వారానికోసారి నూనె ట్యాంకు మూత తీసి చూడు. పైనుంచి రెండు వేళ్ళ వెలితి ఉండచ్చు, అంతకంటే తగ్గకూడదు. నేల మీద మరకలు చూసి కంగారు పడకు. ఇలాంటి ఇంజను నూనె కారుస్తోందంటే లోపల ఇంకా నూనె ఉందని సంతోషించాలి.

చివరి మాట. బ్రేకుల మేస్త్రి వస్తే బండిని ముట్టుకోనివ్వకు. కోళ్ళగూట్లోంచి ముక్కలుముక్కలుగా ఏరి తెచ్చుకుని, ఆరేళ్ళు ఇద్దరం కలిసి నిలబెట్టిన బండి. ఆ మనిషే చివరికి బ్రేకు రాడ్డుకి పిన్ను పెట్టడం మరిచిపోయి నన్ను బండల మీద పడేశాడు. అగ్గిపుల్లంత పిన్ను! అయినా నేను పల్లెత్తు మాట అనలేదు. సంఘంలో వాళ్ళే ఏమన్నారో అన్నారు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. డ్యూటీకి టిఫిను తినకుండా వెళ్ళకు.

నీ తమ్ముడు


జనవరి 17

తమ్ముడికి దీవెనలు.

ఉత్తరం అందింది. ఫోను లేకపోవడం ఒకందుకు మంచిదే. ఫోనులో నువ్వు అరుస్తావు.

బండి కింద ఊడుద్దామని తోశాను. కదల్లేదు. ప్రార్థన అయ్యాక డ్రైవరుని పిలిచాను. “టాప్ గేరులో ఉండిపోయింది సిస్టరుగారూ. పడ్డనాటి నుంచి ఎవరూ చెయ్యి పెట్టినట్టు లేదు. ఆరోజు లారీలోంచి దించినప్పుడు కూడా క్లచ్చు పట్టుకునే దించాం” అని గేరు తీశాడు. అప్పుడు కదిలింది.

నూనె రెండు వేళ్ళు కాదు, జానెడు తగ్గింది. నేల మీద అంత కారలేదు. ఎక్కడికి పోయిందో తెలియదు. నువ్వు ఉంచిన డబ్బాలోంచి పోశాను. ఇప్పుడు నిండుగా ఉంది.

మేస్త్రిగారు మొన్న గేటు బయట నిలబడి నీ భుజం ఎలా ఉందని అడిగారు. లోపలికి రమ్మన్నా రాలేదు. పెద్దవాళ్ళని ‘ఆ మనిషి’ అని రాయకు.

ఆసుపత్రిలో ఇద్దరు నర్సులు సెలవు. ఇంతకంటే రాయలేను.

అక్క


జనవరి 21

అక్కా, అక్కా, ఎంత పని చేశావు!

నీది తప్పు కాదు, చెప్పకపోవడం నాది తప్పు. ఈ బండి వారాల తరబడి నిలబడి ఉంటే ట్యాంకులో నూనె మెల్లగా దిగిపోయి ఇంజను కడుపులో చేరుతుంది. పోయినట్టు కనిపిస్తుందిగానీ ఎక్కడికీ పోదు. స్టార్టు చేస్తే మళ్ళీ పైకెక్కుతుంది. పాత బండి ఉన్నవాడు ఎవడైనా ముందు నేర్చుకునే పాఠం ఇదే: ఖాళీగా కనిపించిన ట్యాంకులో నూనె పొయ్యకు. ఇప్పుడు దానికి రెండు భోజనాలు ఒకేసారి పెట్టినట్టయింది. ఎవరైనా కిక్కు కొడితే దొరికిన ప్రతి సందులోంచీ కక్కేస్తుంది, నీ గోడల మీద కూడా.

కాబట్టి ఎవర్నీ కిక్కు కొట్టనివ్వకు. అసలు ఆ డ్రైవరుకి నా బండితో ఏం పని? గేరు తీసి ఊరుకున్నాడా, వీధి చివరిదాకా ఓ చుట్టు చుట్టొచ్చాడా? బస్సు తోలేవాడికి ఇది తోలడం వస్తుందనుకుంటున్నాడేమో. నిజం చెప్పు.

మన సంఘం ప్రెసిడెంటు పళ్ళ డాక్టరుకి కబురు చెయ్యి. ఇంజను అడుగున ఉన్న బోల్టు విప్పి నూనె తీసేస్తాడు. మేస్త్రికి మాత్రం వద్దు. మరోసారి చెబుతున్నాను, వద్దు.

ఇక్కడ రెండో నంబరు మోటారు కాలిపోయింది. నాకు తిండీ నిద్రా లేవు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 2

తమ్ముడికి దీవెనలు.

డ్రైవరు బండి తోలలేదు. నీ ఉత్తరం తెచ్చిచ్చిన చేత్తోనే ఆ మాట కూడా తెచ్చాడని తెలిస్తే బాధపడతాడు. చెప్పలేదు.

పళ్ళ డాక్టరు వచ్చారు. చొక్కా చేతులు మడిచి గంటసేపు బోల్టుతో కుస్తీ పట్టారు. “ఇది పన్నయితే పీకేవాణ్ణండీ. దీనికి మేస్త్రి రావాల్సిందే” అని చెయ్యి కడుక్కున్నారు. నువ్వు వద్దన్నావని చెప్పాను. “మరయితే కక్కనివ్వండి” అన్నారు.

నేనే వెళ్ళి మేస్త్రిగారిని పిలిచాను. నీ మాట దాటాను. కోపం వస్తే నా మీదే పడు.

ఆయన వచ్చారు. నేల మీద పాత పేపరు పరిచి పడుకుని నూనె దించారు. దించి, బోల్టు బిగించి, జేబులోంచి చీటీ తీసి టిక్కు పెట్టుకున్నారు. మళ్ళీ లేచి బోల్టు చూశారు. మళ్ళీ చీటీ చూశారు. అలా మూడుసార్లు.

“బ్రేకు కూడా చూస్తారా?” అన్నాను.

“నా చేతులు అటు పోనివ్వనమ్మా” అన్నారు.

టీ ఇచ్చాను. తాగుతూ, “సిస్టరమ్మా, మతిమరుపుకి మీ ఆసుపత్రిలో ఏ డాక్టరు మంచివాడు?” అని అడిగారు. ఎవరికి అన్నాను. ఆయనకేనట. ఆ పిన్ను పెట్టినట్టే గుర్తట, కళ్ళ ముందు ఆడుతుందట. కానీ వాడు పడ్డాడు, పిన్ను లేదు, మరి నాకు గుర్తున్నదంతా అబద్ధమేగా అన్నారు. వానల్లో మొదలైన ఆలోచన, ఇప్పటికి ఏడు నెలలు. షాపు బోర్డు దించేశారు. సంఘంలో ఎవరూ ఆయనకి బండి ఇవ్వడం లేదు. ఇచ్చినా పుచ్చుకోనన్నారు. షాపులో ఉన్న లేతు మిషను కూడా అమ్మేస్తారట.

ఇది నీకు చెప్పమని ఆయన అనలేదు. నువ్వు తెలుసుకోవాలని నేనే రాస్తున్నాను.

అక్క


ఫిబ్రవరి 6

అక్కా,

మొత్తానికి ఆయన్నే పిలిచావు. తమ్ముడి భుజం విరిగినా నీకు మేస్త్రి మీదే జాలి. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. నన్ను ఎవడైనా కొడితే ముందు వాడి చెయ్యి నొప్పి పుట్టిందేమో కనుక్కునేదానివి.

వయసు మీద పడ్డాక మతిమరుపు రావడం లోకంలో లేనిదా? అది నా వల్ల వచ్చినట్టు రాస్తున్నావు. నేను ఆయన్ని ఒక్క మాటా అనలేదని ఇదివరకే రాశాను.

బండి అమ్మేద్దాం. నిర్ణయించుకున్నాను. పళ్ళ డాక్టరుతో చెప్పు, ఎవరు ముందొస్తే వాళ్ళకి. నా కంటికి కనబడకుండా పోతే చాలు. గేరు సంగతీ అదీ ఆ డ్రైవరు ఏమైనా వాగితే పట్టించుకోకు. పడ్డప్పుడు రాయి తగిలి ఏ గేరులో అయినా పడుతుంది. వాళ్ళకేం తెలుసు?

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. చేతులు కొంకర్లు పోతున్నాయి, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 12

తమ్ముడికి దీవెనలు.

బండి అమ్ముతానంటే నమ్మలేకపోయాను. మరదలు వద్దందా? ఆ అమ్మాయి భయపడటం సహజం. గట్టిగా మాట్లాడకుండా నచ్చజెప్పు.

గేరు సంగతి నేను రాసి నెల కావస్తోంది. అప్పుడు నువ్వు పలకలేదు. మొన్న ఎవరూ అడగకుండా జవాబు చెప్పావు.

డ్రైవరు ఏమీ వాగలేదు. నీ ఉత్తరం చూశాక నేనే అడిగాను. ఇరవై ఏళ్ళుగా నువ్వు పడ్డ ఆ కొండదారి మూడో మెలికలో బస్సు తిప్పుతున్నాడు. “అక్కడ టాప్ గేరు ఎవరూ వెయ్యరు సిస్టరుగారూ. రాయి తగిలితే గేరు పడదా అంటే, పడితే పడచ్చు. నేనైతే చూడలేదు” అన్నాడు. అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు. మంచివాడు.

మేస్త్రిగారి లేతు కొనేవాడు ఇరవై రెండో తేదీ సోమవారం వస్తున్నాడు. లేతు పోతే ఆయన ఇంట్లో కూర్చుంటారు. కూర్చుంటే ఏమవుతారో నర్సుగా నాకు తెలుసు.

నేను నిన్ను ఏమీ అడగడం లేదు. నీకోసం ప్రార్థన చేస్తున్నాను.

అక్క


ఫిబ్రవరి 15

పెద్దక్కా,

నీ ఉత్తరం ముందు నీ మరదలు చదివింది. “నేనెప్పుడు వద్దన్నాను? అమ్మేది మీరు, భయపడేది నేనా?” అని రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజున, “అసలెందుకు అమ్ముతున్నారు?” అంది. దానికి చెప్పలేకపోయాను. నీకు రాస్తున్నాను. రాశాక దానికి చదివి వినిపిస్తాను.

ఆఫీసువాళ్ళు నాకు కొత్త బండి ఇచ్చారు, గుర్తుందా? పడటానికి ముందు మూడు నెలలు రోజూ దాని మీదే తిరిగాను. దాని బ్రేకు కుడికాలి కింద. మన బండి ఆదివారాలు మాత్రమే తీసేవాణ్ణి. మొదటి కిలోమీటరు నాలో నేను ‘ఎడమ, ఎడమ’ అనుకుంటూ పోయేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. ఫొటోగ్రాఫరుని ఆట పట్టిస్తున్నది నేనేగా!

ఆరోజు మూడో గేరులో మెలిక దగ్గరికొచ్చాను. ఎదురుగా మేక. ఆలోచించే వ్యవధి లేదు. క్లచ్చు పట్టి కుడికాలితో బలం కొద్దీ తొక్కాను. బ్రేకు తొక్కాననే అనుకున్నాను అక్కా. బండి ఆగలేదు. ఆగకపోగా అడ్డూ ఆపూ లేకుండా జారిపోయింది. ఇంకా గట్టిగా తొక్కాను. చేతి బ్రేకు పేరుకే ఉంది. తర్వాత బండలు.

లేచి చూసేసరికి బ్రేకు రాడ్డు ఊడి వేలాడుతోంది. అంతకుముందు రెండు మెలికల్లోనూ బ్రేకు పట్టింది. దొర్లినప్పుడు బండకి తగిలి పిన్ను విరిగి ఉంటుంది. వెనక తన బండి మీద వస్తున్న పళ్ళ డాక్టరు దిగి, వంగి చూసి, “ఇదేమిటి, పిన్ను లేదే! మేస్త్రి మరిచిపోయాడా?” అన్నాడు. నేను నొప్పితో మూలుగుతున్నాను. “అవును” అన్నాను. ఆ ఒక్క అవునే. అప్పటికి నాకూ నిజం తెలియదు, ఒట్టు.

ఆసుపత్రిలో నాలుగో రోజు తెలిసింది. కళ్ళు మూసుకుంటే కుడి పాదం కింద గేరు పడిన ఆ ‘టక్’ వినిపించింది. మేస్త్రి అరటిపళ్ళు తీసుకుని చూడటానికొచ్చాడు. మంచం పక్కన నిలబడి, “క్షమించు నాయనా, ఎలా మరిచిపోయానో” అని నా కాళ్ళ మీది దుప్పటి సర్దాడు. అప్పుడు చెప్పాల్సింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

పల్లెత్తు మాట అనలేదని రెండుసార్లు రాశాను చూడు నీకు. అనకపోవడమే నేను చేసింది.

చెబుదామనే అనుకున్నాను. వారం గడిచింది, నెల గడిచింది. గడిచేకొద్దీ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని అదో భయం. ఇప్పుడు నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావు? మోటారు పని అయ్యేదాకా సెలవివ్వరు. రెండు నెలల్లో వస్తాను. వచ్చి మేస్త్రిని ఒక్కడినీ కలిసి, మెల్లగా చెప్పనా?

నీ తమ్ముడు


ఫిబ్రవరి 17

తమ్ముడికి దీవెనలు.

రెండుసార్లు చదివాను. ఏడ్చాను కూడా. నీ మీద కోపం లేదు.

కానీ నేను దేవుణ్ణి కాను, మేస్త్రినీ కాను. నాకు చెబితే చెప్పినట్టు కాదు.

మాట పడింది నలుగురిలో. మెల్లగా, చాటుగా తీస్తే పోదు. రెండు నెలలు కూడా లేవు, ఐదు రోజులున్నాయి. ఆదివారం పొద్దున సంఘం వాళ్ళంతా పెట్రోలు బంకు ఎదురుగా కలుస్తారు. నువ్వు రాలేకపోతే కాగితం రా. నేను చదువుతాను.

అక్క


ఫిబ్రవరి 19

పెద్దక్కా,

ఏడు కాగితాలు చింపాను. మొదటి ఆరింట్లో నా భుజం నొప్పి గురించే ఎక్కువ ఉంది. నీ మరదలు చదివి, “మీరు పడటం అందరికీ తెలుసండీ, పడేసిన సంగతి రాయండి” అంది. ఏడోది దానికీ నచ్చలేదు. ఎనిమిదోది ఇది. పొట్టిగా ఉందని ఏమీ అనుకోకు, నీ దగ్గరే నేర్చుకున్నాను.

“సంఘం మిత్రులకి: జూలైలో మూడో మెలికలో నేను పడటానికి కారణం నేనే. బ్రేకనుకుని గేరు తొక్కాను. మేస్త్రిగారు పిన్ను పెట్టారు, అది నేను పడ్డాక విరిగింది. ఈ సంగతి నాకు నాలుగో రోజునే తెలుసు. తెలిసీ ఏడు నెలలు చెప్పలేదు. ఆయన మతిలో ఏ లోపమూ లేదు. లోపం నాలో ఉంది. మేస్త్రిగారూ, మిమ్మల్ని క్షమించమనే ముఖం నాకు లేదు. లేతు మాత్రం అమ్మకండి.”

కింద సంతకం పెట్టాను. చదివేటప్పుడు నువ్వు భయపడకు. చదవలేకపోతే డాక్టరు చేతికియ్యి.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 24

తమ్ముడికి దీవెనలు.

ఈసారి కొంచెం పెద్దదే రాస్తాను.

ఆదివారం డ్యూటీ దిగి ఆ బట్టలతోనే వెళ్ళాను. దారిలో మేస్త్రిగారింటికి వెళ్ళి రమ్మన్నాను. సంఘానికి రానన్నారు. నాకు తోడు రమ్మన్నాను. కాదనలేకపోయారు.

పద్నాలుగు బళ్ళు వరసగా ఉన్నాయి. ఒక్కో బండి కింద ఒక్కో అట్టముక్క, నూనె పడకుండా. నేను బండి అమ్మడానికి వచ్చాననుకున్నారు. “ఎంత చెబుతారండీ?” అని వెనకనుంచి ఎవరో అన్నారు. కాగితం తీశాను. నా గొంతు చిన్నది. ఫొటోగ్రాఫరు తన ఇంజను ఆపాడు. నేనే చదివాను, డాక్టరుకి ఇవ్వలేదు.

చదివాక ఒకతను నవ్వబోయాడు. డాక్టరు వాడి వైపు చూసి, “ఆరోజు పిన్ను లేదని ముందన్నది నేను” అన్నారు.

మేస్త్రిగారు కాగితం అడిగి తీసుకున్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. “సంతకం వాడిదే” అన్నారు. మడిచి జేబులో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా నడిచి వెళ్ళిపోయారు. డాక్టరు తన బండి ఎక్కలేదు. దాన్ని తోసుకుంటూ ఆయన వెనకాలే వెళ్ళారు. అరగంట దూరం ఉంటుంది. షాపు ముందు బండి నిలబెట్టి, “వెనక బ్రేకు కీచుమంటోంది” అని చెప్పి నడిచి ఇంటికి పోయారట.

సోమవారం లేతు కొనేవాడు వచ్చాడు. “ఇప్పుడు కుదరదు, దాని మీద పని ఉంది” అని మేస్త్రిగారు పంపేశారు.

ఇది చదివి అంతా చక్కబడిందనుకోకు. నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చారు. ఆయన్ని అంత కోపంగా నేనెప్పుడూ చూడలేదు. కూర్చోలేదు.

“ఏడు నెలలు సిస్టరమ్మా! పొయ్యి ఆర్పానో లేదో ముగ్గురిచేత చూపించుకునేవాణ్ణి. ఒకరోజు మా మనవడి పేరు చప్పున తట్టలేదు. అయిపోయింది, ఇంక నా పని అయిపోయింది అని తలుపేసుకుని ఏడ్చాను. వాడేమో గోడకేసి తిరిగి పడుకున్నాడు. వాడికి తెలుసు!”

నేను నిన్ను క్షమించమని అడగలేదు. అది నేను అడగాల్సింది కాదు.

చాలాసేపు అటూ ఇటూ తిరిగారు. చివరికి మన బండి దగ్గర ఆగారు. వంగి రాడ్డు చూశారు. చేతులు వెనక్కి కట్టుకునే చూశారు.

“ఇది నేను ముట్టను. వాణ్ణి రమ్మనండి. వాడే విప్పాలి, వాడే బిగించాలి, పిన్ను వాడే పెట్టాలి. నేను పక్కన కూర్చుని చూస్తాను. తప్పు చేస్తే ఊరుకుంటానని మాత్రం అనుకోవద్దనండి.”

“ఎప్పుడు రమ్మనమంటారు?” అన్నాను.

“ఈ ఆదివారం ఎనిమిదింటికి. పావుగంట చూస్తాను. రాకపోతే ఇంక వాడు నాకు లేడు.”

పావుగంట అన్నారు గానీ అరగంట వరకు నేను ఆపగలను. అంతకుమించి నావల్ల కాదు.

సెలవు దొరకదని రాయకు. మీ ఇంజనీరుగారికి వేరే ఉత్తరం రాసి డ్రైవరుకే ఇచ్చాను. శనివారం బస్సులో నీకు సీటు కూడా ఉంచుతానన్నాడు. మరదల్ని తీసుకురా.

వసారాలో ఒక్క కుర్చీయే వేశాను. అది ఆయనకి. నువ్వు కింద కూర్చో.

అక్క